పది ముర్రా గేదెలు, రోజుకు 48 లీటర్లు: ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

బోరుకింద_ఎకరం
గేదెలు పది. పాలల్లో ఆరు, వట్టిపోయినవి నాలుగు. రెండు పూటలా కలిపి 48 లీటర్లు. పాలకేంద్రంలో కిలో ఫ్యాట్‌కు (పాలల్లోని వెన్నకు) 800 రూపాయల లెక్కన కడుతున్నారు, ఫ్యాట్ 6.2 శాతం దాటడం లేదు. అన్నిటికీ తలా 5 కిలోల దాణా, కిలో 28. ఎకరం సూపర్ నేపియర్ గడ్డి ఉంది, వరిగడ్డి కొనుక్కోవాలి. కిలో 22కు దొరికే దాణాకు మారదామనుకుంటున్నాం. మీరేమంటారు?

చొప్పకట్ట
మారొద్దు. ముందు పంచే పద్ధతి మార్చండి. అన్నిటికీ 5 కిలోలంటే 11 లీటర్లిచ్చే గేదెకు చాలదు, 5 లీటర్లదానికి దండగ. ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్లకు కిలో చొప్పున వేయండి. అంటే 5 లీటర్లదానికి 4 కిలోలు, 11 లీటర్లదానికి 7. ఆ ఏడూ ఒక్కసారే పోయకండి, మూడు పూటలుగా పెట్టండి. లేకపోతే పొట్టలో పులుపు పెరిగి మేత మానేస్తుంది, ఫ్యాట్ కూడా పడిపోతుంది.

వట్టి గేదెకు పచ్చిమేత బాగా ఉంటే కిలోన్నర చాలు. ఈనడానికి ముందు రెండు నెలలు మాత్రం ఇంకో కిలో పెంచాలి. నాలుగింటికీ మూడున్నర కిలోల చొప్పున మిగిలితే రోజుకు 14 కిలోలు, 392 రూపాయలు. 22 రూపాయల దాణాలో ఏం కలిపారో సంచి మీద చూసి తెలుసుకోవడం కష్టం.

కుడితి_తొట్టి
ఇంట్లో కలుపుకునేవాళ్లకు 100 కిలోల లెక్క: మొక్కజొన్న రవ్వ 35, పత్తి చెక్క 25, నూనె తీసిన తవుడు 17, కంది లేదా శనగ పొట్టు 20, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. పల్లీ చెక్క చవగ్గా దొరికితే పత్తి చెక్కలో సగం దాకా మార్చుకోవచ్చు. కానీ బూజు వాసన వస్తే ఎంత చవకైనా వద్దు, ఆ విషం పాలల్లోకి కూడా దిగుతుంది. కొత్త దాణాకు వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి.

లెక్కల_పుస్తకం
అందరూ దాణా దగ్గరే ఆగిపోతున్నారు. పదింటిలో నాలుగు ఎందుకు వట్టిగా ఉన్నాయి? అసలు నష్టం అక్కడుంది.

వట్టి గేదె ఒకరోజు ఖర్చు చూడండి: పచ్చిమేత 25 కిలోలు, కిలో 2 చొప్పున 50. వరిగడ్డి 5 కిలోలు, 8 చొప్పున 40. దాణా కిలోన్నర, 42. మొత్తం 132, కూలీ వేరే. ఒక్క ఎద గుర్తించకపోతే 21 రోజులు పోయినట్టే, అంటే 2,772 రూపాయలు. గేదె చూడి 310 రోజులు. ఈనిన 90 రోజులకల్లా కట్టు నిలిస్తే (మళ్లీ చూడి కడితే) ఈతకూ ఈతకూ మధ్య 400 రోజులు. అదే 200 రోజులకు నిలిస్తే 510. పాలిచ్చే రోజులు రెండింటిలోనూ దాదాపు అంతే కాబట్టి ఆ 110 రోజులూ ఊరికే మేపడమే. గేదెకు 14,520. దాణా రేటులో 6 రూపాయలు మిగుల్చుకుంటే ఇది పూడదు.

నాలుగింటికీ చూడి పరీక్ష చేయించారా?

బోరుకింద_ఎకరం
రెండు చూడివే. మిగతా రెండూ ఎదకు రావడం లేదు.

మూగ_ఎద
వస్తూ ఉండొచ్చు, మీకు కనపడకపోవచ్చు. గేదెల్లో అరుపులు తక్కువ, ఎండాకాలమైతే మరీ తక్కువ. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు టార్చి వేసి చూడాలి: తోక కింద గాజులాంటి తీగ, మానం వాపు, మాటిమాటికీ మూత్రం, పాలిచ్చేదైతే ఆ పూట పాలు తగ్గడం. పొద్దున కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి. వేయించిన తేదీ గోడమీదైనా రాయండి. 21వ రోజు మళ్లీ చూడాలి, మూడో నెలలో చెయ్యి పెట్టి చూపించాలి. తీగ తెల్లగా, చీములా ఉంటే సూది వేయించకండి, ముందు గర్భసంచికి వైద్యం. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, నట్టల మందు, ఎండాకాలం మధ్యాహ్నం రెండుసార్లు ఒళ్లు తడపడం. ఇవేవీ చేయకుండా హార్మోను సూదుల మీద డబ్బు పోయకండి.

పాలక్యాను
ఫ్యాట్ సంగతి. 6.2 నుంచి 7కు వెళ్తే కిలో పాలకు 6.40 రూపాయలు ఎక్కువొస్తుంది, 48 కిలోలకు రోజుకు 307. మూడు చోట్ల చూడండి.

దూడను ఆఖర్న వదులుతున్నారా? చివరి పాలల్లోనే వెన్న ఎక్కువ, అదంతా దూడకు పోతోంది. చేపడానికి ముందే వదిలి, దాని వాటా అప్పుడే తాగించి కట్టేయండి. పిండేవాళ్లు తొందరపడి వదిలేసినా ఇదే నష్టం, పైగా పొదుగు వాపు.

మేత: నేపియర్ ఎన్ని రోజులకు కోస్తున్నారు? ముదిరితే కాడలు వదిలేస్తాయి. మరీ పొడిలా నరికినా నెమరు తగ్గి ఫ్యాట్ తగ్గుతుంది. అంగుళం ముక్క సరిపోతుంది.

కేంద్రంలో శాంపిల్ తీసే ముందు క్యాను అడుగు దాకా కలిపిస్తున్నారా? పైనుంచి తీసినా, అడుగునుంచి తీసినా అంకె తప్పే.

చొప్పకట్ట
నేపియర్ 45 రోజులకు కోత. ఎకరాన్ని 45 మడులుగా చేసి రోజుకో మడి కోస్తే లేతమేత తెగకుండా వస్తుంది, ఆఖరి మడి కోసేసరికి మొదటి మడి మళ్లీ కోతకొస్తుంది. నేపియర్ ఒక్కటే వద్దు, పావు ఎకరం హెడ్జ్ లూసర్న్ (పప్పుజాతి మేత) వేయండి. పప్పుజాతి మేత 8-10 కిలోలు పెడితే కిలో దాణా తగ్గించవచ్చు. జొన్న వేస్తే పూత రాకముందు, ముఖ్యంగా బెట్టకు వాడిన పైరు, మేపకండి. సైనైడు విషంతో గంటల్లో పోతాయి.

కొన్న వరిగడ్డికి యూరియా పట్టించండి: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా చల్లి, తొక్కి, టార్పాలిన్‌తో గాలి చొరకుండా 21 రోజులు. తీశాక గంటసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా నీళ్లు అందుబాటులో వదిలితే తాగి చచ్చిపోతాయి, కలిపిన డ్రమ్ము అప్పుడే కడిగేయండి.

బోరుకింద_ఎకరం
దూడను ఆఖర్నే వదులుతున్నాం. రేపటినుంచి మారుస్తాం. పాలు పిండే మిషన్ కొంటే కూలీ మిగులుతుందా?

పాలక్యాను
ఆరింటికి అవసరం లేదు. కడగడానికీ పిండినంత టైమే పడుతుంది. 15 పాల గేదెలు దాటాక ఆలోచించండి. అప్పుడు కూడా లైనర్ రబ్బర్లు (చన్నుకు తగిలించేవి) 2,500 పిండకాలకు మార్చాలి, పాలైపోయాక మిషన్ ఉంచకూడదు. చేత్తో పిండినా బొటనవేలు మడవకుండా గుప్పిటతో పిండమనండి. పిండాక చనుమొనల్ని పలచటి పోవిడోన్ అయోడిన్‌లో ముంచి, వెంటనే మేత వేయండి. అరగంట నిలబడితే చన్ను రంధ్రం మూసుకుంటుంది.

వారానికోసారి సర్ఫ్ పరీక్ష: అర లీటరు నీళ్లకు 15 గ్రాముల సర్ఫ్, ఒక్కో చన్ను పాలు అంతే సర్ఫ్ నీళ్లలో కలిపి తిప్పండి. జిగురుగా గడ్డకడితే వాపు మొదలైనట్టే, ఆ చన్ను ఆఖర్న పిండి, డాక్టరును పిలవండి.