అంతరిక్ష వాతావరణ హెచ్చరికలు: మనకు సొంత కేంద్రం కావాలా?

నీలిమబ్బు:
2024 మే 10, 11 తేదీల సౌర తుఫానుకు లద్దాఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబడింది. 2003 తర్వాత అంత తీవ్రమైనది రాలేదు. ఇలాంటి తుఫానులను కనిపెట్టి చెప్పే, అమెరికాలోని బౌల్డర్ అంతరిక్ష వాతావరణ కేంద్రం హెచ్చరికలనే అందరూ చూసుకున్నారు. దక్షిణాఫ్రికా 2022లోనే హెర్మానస్‌లో రాత్రింబవళ్లు పనిచేసే కేంద్రం పెట్టుకుంది. మనకూ ఒకటి ఉండాలా?

లెక్కల మాస్టారు:
దండగ. బౌల్డర్ సమాచారం అందరికీ ఉచితం. పైగా, సూర్యుడి నుంచి వచ్చే ప్లాస్మా (విద్యుదావేశ కణాల) మేఘంలో అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే తుఫాను ముదురుతుంది. ఆ దిశ కచ్చితంగా తెలిసేది మేఘం సూర్యుడికీ భూమికీ మధ్య ఉండే ఎల్1 బిందువును చేరాకే. అక్కడి నుంచి భూమికి 15 లక్షల కిలోమీటర్లు; సెకనుకు 500 కిలోమీటర్ల వేగమైతే 50 నిమిషాలు. అక్కడున్న మన ఆదిత్య-ఎల్1 నౌక చూసినా దక్కే వ్యవధి అంతే. 1989లో సౌర తుఫానుకు కరెంటు పోయి కెనడాలోని క్యూబెక్ అంతా చీకటైంది, నిజమే. అది ధ్రువానికి దగ్గర. మన గ్రిడ్‌కు అంత ముప్పు లేదు.

సంధ్యవేళ:
మాస్టారూ, మీ 50 నిమిషాలతో నాకు పేచీ లేదు. తుఫాను ఒక్కటే ముప్పు అనుకోవడంతోనే పేచీ. అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత) మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. పొద్దుగూకాక అక్కడి అయనోస్ఫియర్ (పై వాతావరణంలో విద్యుదావేశ కణాలుండే పొర) అడుగున ప్లాస్మా పలచబడి, బుడగలై పైకి లేస్తుంది. మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఇది మరీ ఎక్కువ. వాటి గుండా వచ్చే జీపీఎస్ సంకేతం మినుకుమినుకుమంటుంది, రిసీవరు పట్టు తప్పుతుంది. విమానాలకు దారి చూపే మన గగన్ వ్యవస్థకు అసలు తలనొప్పి ఇదే. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రాత్రి కూడా ఇవి వస్తాయి! బౌల్డర్ తుఫాను హెచ్చరికలకు కొలబద్ద కేపీ సూచిక, అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో చెప్పే అంకె. దానికి లెక్కలిచ్చే వేధశాలలన్నీ భూమధ్యరేఖకు దూరంగా ఉన్నవే. మన బుడగల సంగతి అందులో ఎలా కనిపిస్తుంది?

లెక్కల మాస్టారు:
సరే, తిరుపతి దగ్గర గాదంకి రాడార్లు ఏళ్లుగా ఆ బుడగలను చూస్తున్నాయి కదా. చూడటం వేరు, ఈ రాత్రి వస్తాయని సాయంత్రమే చెప్పడం వేరు. చెప్పగలరా?

సంధ్యవేళ:
ఏ నెలల్లోనో చెప్పగలరు. ఏ రాత్రి అన్నది ఇప్పటికీ కష్టమే. అందుకే కేంద్రం కావాలంటున్నాను. ప్రతి సాయంత్రం అంచనా రాసి, తెల్లవారాక తప్పొప్పులు సరిచూసే పని పరిశోధన వ్యాసాలతో జరగదు. గాదంకిలో రాడార్లు, నవీ ముంబయిలోని భూఅయస్కాంత సంస్థకు వేధశాలలు, కోల్‌కతాలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో సూర్యుడి మీద అంచనాలు కట్టేవారు... తలో ముక్కా ఉంది, కలిపేవారే కావాలి. నన్నడిగితే ఇస్రోకు కాదు, వాతావరణ శాఖకు అప్పజెప్పాలి. రాత్రి డ్యూటీలూ రోజువారీ బులెటిన్లూ వారికి అలవాటే.