నల్లరేగడిలో నీళ్లు దిగడం లేదు, వారం ఎండకే బీటలు. ఏం వేయాలి?

రైతుబిడ్డ (గుంటూరు):
పొద్దున్నుంచి వీడియోలు చూసి తల వేడెక్కింది. ఒకరు జీవామృతం అంటారు, ఇంకొకరు చెరువు మట్టి, మరొకరు హ్యూమిక్ యాసిడ్. మాది నల్లరేగడి, మిర్చి వేస్తాం. నిరుడు ఒక్క పెద్ద వానకి నీళ్లు రోజుల తరబడి చేలోనే ఉండిపోయి మొక్కలు వడలిపోయాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసింది, కాలు దిగబడేంత బీటలు. పశువుల ఎరువు తోలినా నేల మారలేదు. కోతలైపోయాయి. జూన్‌లోపు నేల గుల్లబారాలంటే ఏం వేయాలో ఒక్క మాటలో చెప్పండి, ప్లీజ్.

తెనాలి శీను:
భూసార పరీక్ష కాగితం పెట్టండి. అది లేకుండా ఎవరు చెప్పినా గాల్లో చెప్పినట్టే.

గోసేవ:
పరీక్షలెందుకు తమ్ముడూ? 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపితే జీవామృతం, అది ఎకరానికి పారించు. పేడ మాత్రం నాటు ఆవుదే కావాలి. మన ఊళ్లలో నాటు ఆవులు మాయమయ్యాకే నేలలు చచ్చిపోయాయి. ఇంటికొక ఆవు ఉన్న రోజుల్లో యూరియా బస్తా మొహం ఎవరు చూశారు?

మంగళగిరి మామ:
సేంద్రియం మంచిదే కానీ...

గోసేవ:
ఇది సేంద్రియం కాదండీ, ప్రకృతి సేద్యం. బయట నుంచి ఎరువు కొని తోలేది అది, ఉన్నదాంతో చేసుకునేది ఇది.

మంగళగిరి మామ:
పేరేదైనా కానీ, అబ్బాయి నీళ్లు నిలుస్తున్నాయంటుంటే ఆవు జాతి గురించి మాట్లాడితే ఎలా? బాబూ, ఏ నీళ్లు పెడుతున్నావు?

రైతుబిడ్డ:
బోరు నీళ్లేనండి. కాస్త ఉప్పగా ఉంటాయి. ఎండాకాలం బోదెల అంచున తెల్లగా పొడి తేలుతుంది. మా వైపు అందరికీ అంతే, అందుకే రాయలేదు.

మంగళగిరి మామ:
అసలు సంగతి అదే! ఒక పని చెయ్యి. గాజు గ్లాసులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి, బోరు నీళ్లు వద్దు. శనగగింజంత ఎండిన మట్టిగడ్డ మెల్లగా వెయ్యి. కదపకుండా రెండు మూడు గంటలాగి చూడు. గడ్డ విరిగి అడుగున పడి, నీళ్లు తేటగా ఉంటే సేంద్రియ కర్బనం తక్కువన్నమాట, పచ్చిరొట్ట (పచ్చి పైరుని పెంచి నేలలోనే కలియదున్నడం) వేస్తే దారికొస్తుంది. గడ్డ చుట్టూ నీళ్లు పాలలా మారితే నేలకి ఉప్పులోని సోడియం పట్టింది. బంకమన్ను రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు దిగవు, ఆరితే రాయి. అప్పుడు పేడ ఒక్కటే వేస్తే చాలదు, జిప్సం పడాలి. అందులోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, ఆ సోడియం వాన నీళ్లతో కొట్టుకుపోవడానికి మురుగు కాలువ ఉండాలి. ఎన్ని బస్తాలో ల్యాబ్ చెప్పాలి.

తెనాలి శీను:
భూసార కార్డులో 12 అంశాలే ఉంటాయి. సోడియం శాతం, జిప్సం అవసరం విడిగా అడగండి. ఉదజని సూచిక (pH) 8.5 దాటితే ఈ రెండూ తప్పనిసరిగా అడగాలి.

పొన్నూరు:
రోటావేటర్ తిప్పుతున్నారా? ఏటా అదే లోతులో తిరిగితే కింద గట్టి పొర కడుతుంది. గడ్డపలుగు దించి చూడండి.

మంగళగిరి మామ:
అదీ నిజమే. ఇంకోటి, జూన్‌లోపు ఏ నేలా మారదు. తొలకరికి పచ్చిరొట్టగా ఎకరానికి 10-12 కిలోల జీలుగ విత్తనాలు చల్లు. నీళ్లు నిలిచినా, చౌడునైనా తట్టుకుంటుంది. 45 రోజులకి పూత మొదట్లో కలియదున్నితే ఆగస్టు చివరికి మిర్చి నారు వేసుకోవచ్చు.

రైతుబిడ్డ:
చేను కౌలుదండి. ఏడాదికేడాది మాట. జిప్సం ఖర్చు నేను పెట్టి, నేల బాగుపడ్డాక కౌలు పెంచితే?

పొన్నూరు:
మా ఊళ్లో అచ్చం అలాగే జరిగింది. మూడేళ్లకి కాగితం రాయించుకోకుండా పైసా పెట్టొద్దు.

గోసేవ:
నేలతల్లికి చేసే సేవలో లెక్కలు చూడకూడదు.

పొన్నూరు:
కౌలు కట్టేవాడికి చెప్పే మాట కాదండీ ఇది. ముందస్తు కౌలు వడ్డీకి తెచ్చి కట్టేవాళ్లం మేము.

రైతుబిడ్డ:
గ్లాసులో వేశా. నీళ్లు పాలలాగే ఉన్నాయి. రేపు రైతు సేవా కేంద్రంలో మట్టి ఇస్తా. థాంక్సండి అందరికీ.

తెనాలి శీను:
బోరు నీళ్లు కూడా ఒక సీసాలో ఇవ్వండి.