సర్పంచ్‌కు నిలబడ్డాయన మతం మనం చూడాల్నా?

మూసీ_ఒడ్డు_పోరడు:
అన్నలూ అక్కలూ ఒక డౌట్. మాది నల్లగొండ జిల్లాల చిన్న ఊరు, నేను ఎల్‌బీ నగర్‌ల కిరాయికి ఉంటా గాని ఓటు ఊర్లనే ఉంది. ఈసారి మా సర్పంచ్ సీటు బీసీ జనరల్ అయింది, నిలబడ్డోళ్లు నలుగురు, అండ్ల ఒకాయన ముస్లిం. బోరు మోటార్లు వైండింగ్ చేస్తడు, రాత్రి పదింటికి ఫోన్ చేసినా బండేసుకొని బాయికాడికి వస్తడు, మా నాయిన ఆయన్ని బావా అంటడు, నేను మామ అంట. మా పెద్దనాయన మోటరే మూడ్రోజుల సంది ఆయన షాపుల పడి ఉంది.

అందరు మంచోడే అంటరు, మళ్ల ఎంటనే గొంతు తగ్గించి "గాని మనోడు గాదు గదరా" అంటరు. పెద్దనాయన రెండు ప్రశ్నలు అడిగిండు, నాకు నోట్లకెల్లి మాట రాలే. ఒకటి, బొడ్రాయి పండుగ నాడు, ముత్యాలమ్మ బోనాల నాడు సర్పంచ్ ముందల నిలబడి కొబ్బరికాయ కొట్టాలె గదా, ఆయన కొడ్తడా? రెండు, బీసీ సీటు ఆళ్లకెట్ల పోతది? నేనైతె ఆయనకే ఏద్దామనుకుంటున్న గాని ఇంట్ల చెప్పే ధైర్యం లేదు. మతం చూసుడు తప్పా, లేకపోతె పెద్దోళ్లు అనేదాంట్ల కూడ ఏమన్న ఉందా?

రిటైర్డ్ పంతులు, హుజూర్‌నగర్:
తమ్మీ, మీ పెద్దనాయనకు మా ఊరి ముచ్చట చెప్పు. 1952ల మొదటి ఎలక్షన్లల్ల మా హుజూర్‌నగర్‌ల సరోజినీ నాయుడు కొడుకు డాక్టర్ జయసూర్య కమ్యూనిస్టుల ఫ్రంట్ పీడీఎఫ్ నుంచి గెలిచిండు, మెదక్ ఎంపీగ గూడ గెలిచిండు కాబట్టి ఇక్కడ వదులుకున్నడు. అప్పుడు ఉపఎన్నిక వస్తె గెలిచింది ఎవరనుకున్నవ్, మఖ్దూం మొహియుద్దీన్. ఉర్దూ కవి, కమ్యూనిస్టు. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ అయ్యి నాలుగేండ్లు, రజాకార్లు కాల్చిన ఇండ్ల గోడలింక నల్లగనే ఉండె, మా నాయిన వాళ్లు ఆ గోస కండ్లార చూసినోళ్లు. అయినా పోయి మఖ్దూంకు గుద్దొచ్చిండ్రు. మతం తెల్వక గాదు. దొర గుంజుకున్న భూమి ఎవరు ఇప్పిస్తరు, వెట్టి ఎవరు బంద్ పెట్టిస్తరు అనేదే చూసిండ్రు, కమ్యూనిస్టు సంఘపోడు అంటె వాళ్లకు అదే కులం అదే మతం.

మావోళ్లంత దేవుళ్లని అంటలేను. కులం అప్పుడూ చూసిండ్రు, ఇప్పుడైతె ఇంక ఎక్కువ చూస్తుండ్రు. కాకపోతె మా దిక్కు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటె పిల్లలు పుట్టిండ్రని సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అని పేర్లు పెట్టుకున్న హిందువులు ఇంటికొకరు ఉంటరు. ఆ పేర్లు పెట్టుకున్నోళ్లే వాట్సాప్‌ల "మనోడు గాదు" అని పోస్టులు పెడుతుంటె నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు.

పాలమూరు_ముచ్చట్లు:
పంతులు సారూ నమస్తె, మీరు చెప్పింది నిజమే గాని 1952 పట్టుకొని ఇయ్యాల ఓటు అడిగితె ఎట్ల. 2012ల మా మహబూబ్‌నగర్ ఉపఎన్నిక యాద్ చేసుకోండ్రి. టీఆర్ఎస్ ముస్లిం అభ్యర్థిని నిలబెట్టింది, బీజేపీ గెలిచింది, రెండూ తెలంగాణ కావాలన్న పార్టీలే. ఆ నెల రోజులు మా దిక్కు చాయ్ హోటళ్లల్ల ఓట్ల లెక్కలు మతం మీద ఎంత నడిచినయో నేను చెవులార ఇన్న. కాబట్టి మతం ఎవ్వరు చూడరు అనుడు ఉత్తమాట.

నన్నడిగితె నేను కొంచెం చూస్తా, తిట్టుకుంటె తిట్టుకోండ్రి. ఆయన నమాజు చేస్తడా చర్చికి పోతడా అది నాకెందుకు. రేపు గుడి మాన్యం మీదనో ఖబ్రస్తాన్ జాగ మీదనో పంచాయతీ పడితె ఎటు నిలబడ్తడు అనేది నాకు కావాలె.

వకీలు_గుమాస్తా_నల్లగొండ:
@పాలమూరు_ముచ్చట్లు, అన్నా ఆ మాన్యం ప్రశ్న మంచిదే, మరి మిగిలిన ముగ్గురిని కూడ అడిగినవా? మా దగ్గరికి వచ్చే గుడి భూముల కేసులల్ల కబ్జా పెట్టినోడు ఎక్కువసార్లు ఆ గుడిల గంట కొట్టేటోడే.

ఇగ పెద్దనాయన రెండో ప్రశ్న. బీసీ లిస్టుల ముస్లింలల్ల దూదేకులోళ్లు ఎప్పటి సందో బీసీ-బి ల ఉన్నరు. 2007ల చట్టం చేసి ముస్లింలల్ల కొన్ని వర్గాలను బీసీ-ఇ ల పెట్టిండ్రు, చదువుల ఉద్యోగాలల్ల వాళ్లకు 4 శాతం. సర్పంచ్ ఎలక్షన్ల ఎ బి సి డి ఇ అని ముక్కలు లెవ్వు, బీసీ అంటె మొత్తం బీసీ. గౌడ్, యాదవ్, ముదిరాజ్ ఎంత హక్కుతోటి నామినేషన్ ఏస్తరో ఆ మామది గూడ అంతే హక్కు, ఎవరి సీటూ గుంజుకునుడు గాదు.

మతాన్ని చట్టమే చూసే కాడ ఒకటుంది, దాని గురించి ఎవ్వరు మాట్లాడరు. ఎస్సీ సీటు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులనే ఎస్సీలుగ లెక్కపెట్టిండ్రు, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవం తీసుకున్న మాల మాదిగలకు ఎస్సీ సర్టిఫికెట్ లేదు, అంటె నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్ అసొంటి ఎస్సీ సీట్లల్ల నిలబడేదానికి లేదు. పక్కనే దేవరకొండ ఎస్టీ సీటు, ఆడ లంబాడాయన ఏ దేవుని మొక్కినా అడిగేటోడు లేడు. ఈ తేడా న్యాయమా కాదా చూడమని 2022ల కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ ఏసింది.

ఎమ్మెల్యే ఎంపీ ఎలక్షన్లకైతె ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ఉంది, మతం పేరు మీద ఓటెయ్యమన్నా, ఎయ్యొద్దన్నా అక్రమమే, గెలిచినా ఎన్నిక రద్దు కావచ్చు. మతం అంటె అభ్యర్థిదొక్కటే గాదు, ఓటరుది గూడ అని 2017 జనవరి 2 నాడు సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి 4-3తోటి చెప్పింది. అఫిడవిట్‌ల కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్ని రాయాలె గాని మతం ఏందని గడి లేదు చూడు. కాకపోతె ఇదంత అడిగేటోళ్ల మీదనే. గుద్దేటోని మనసులకు ఏ కోర్టూ రాదు.

నల్లమల_అక్క:
నేను కొబ్బరికాయ గురించే మాట్లాడుత, అందరు దాన్ని దాటేసి పోయిండ్రు. మా ఊర్ల పోయినసారి సీటు మహిళకు వచ్చింది. ఆమె పేరు మీద గెలిచిండ్రు, బొడ్రాయి కాడ కొబ్బరికాయ కొట్టింది ఆమె మొగుడు, గ్రామసభల కుర్చీల కూసుంది ఆమె మొగుడు, సంతకం కాడ మాత్రం ఆమెను పిలిచిండ్రు. అయిదేండ్లు అట్లనే నడిచింది. సర్పంచే కొట్టాలె అనే ఆచారం అప్పుడు ఒక్క పెద్దమనిషికి గూడ యాదికి రాలే. మరి ఇప్పుడెట్ల వచ్చింది?

పీర్ల పండుగకు మా కాడ పీరు ఎత్తుకునేది ముదిరాజోళ్లు, అలావా అంటె నిప్పుల గుండం, దాని చుట్టు ఆడేది అన్ని కులాలు. నీ పీరును హిందువు ఎట్ల ఎత్తుతడని ఎవ్వరు కొట్లాడలే. తమ్మీ నువ్వు మమ్మల్ని అడుగుడు కాదు, పోయి ఆ మామనే అడుగు, బొడ్రాయి నాడు ఏం చేస్తవ్ అని.

మూసీ_ఒడ్డు_పోరడు:
అక్కా నువ్వన్నట్టె ఆదివారం ఊరికి పోయిన, మామనే అడిగిన. షాపుల కూసొని రాగి తీగ చుట్టుకుంటనే చెప్పిండు, "కాయ పూజారి కొడ్తడు, పక్కన నిలబడమంటె నిలబడ్త, నా పని వేరె ఉంటది, పోయిన బోనాలకు మైకుకు కరెంటు గుంజింది ఎవరు, మీ పెద్దనాయన్ని అడుగు" అన్నడు. గుడి మాన్యం సంగతి గూడ అడిగిన, కొంచెంసేపు తల ఎత్తలే. "కొలిపిస్త, ఖబ్రస్తాన్ గూడ కొలిపిస్త, అప్పుడు రెండు దిక్కుల తిట్లు పడ్తయ్, దానికైతె నాకు భయమే" అన్నడు. ఆ భయం అన్న మాట నాకు నచ్చింది, మిగిలిన ముగ్గురు అడగకముందే అన్ని చేస్తం అన్నరు.

ఇంటికొచ్చి బీసీ-ఇ సంగతి, సర్పంచమ్మ మొగుని సంగతి పెద్దనాయనకు చెప్పిన. మైకు ముచ్చటకు "అవు, ఆయనే గుంజిండు" అన్నడు. ఇంక చానసేపు ఏం అనలే, బీడీ ఆర్పేసి "ఓటు సంగతి ఆ రోజు చూద్దాం తియ్, ముందుగాల నా మోటరు ఎల్లుండన్న ఇస్తడా లేదా కనుక్కో, నారు ఎండుతుంది" అన్నడు.