పంద్రాగస్టు ప్రసంగంలో నాలా (మురికి కాలువ) గురించి చెప్తే తప్పా?

ఫౌజీ నాన్న, సైనిక్‌పురి:
ఆర్మీలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా ఇరవై రెండేళ్లు చేసి రిటైర్ అయ్యాను. మా పాప తొమ్మిదో తరగతి. పంద్రాగస్టుకు స్టేజీ మీద మాట్లాడమంటే నాలుగు రోజులు కూర్చుని రెండు పేజీలు రాసుకుంది. ఒకటిన్నర పేజీ స్వాతంత్ర్య పోరాటమే. చివర్లో ఇలా రాసింది: "మా స్కూలు వెనక నాలాకు మూత లేదు. వాన పడితే రోడ్డెక్కడో నాలా ఎక్కడో తెలియదు. చిన్న క్లాసుల పిల్లలు గోడ పట్టుకుని నడుస్తారు. చంద్రుడి మీద దిగిన దేశం మనది, ఈ నాలా మూయలేమా?"

టీచర్ ఎర్ర పెన్నుతో ఆ ముక్కలన్నీ కొట్టేసి, పక్కన "జెండా పండగ రోజు దేశాన్ని తక్కువ చేయకూడదు" అని రాశారు. పాప ఆ రాత్రి అన్నం తినలేదు. "నాన్నా, నాకు దేశమంటే ఇష్టం లేదనా మేడమ్ అంటున్నది?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

కాన్వాయ్ కదిలే ముందు బండి కింద పడుకుని చూడటం నా పని. ఒకసారి లేహ్ వెళ్లాల్సిన ట్రక్కుకు బ్రేక్ పైపు దగ్గర చెమ్మ కనిపించింది. వేలితో తుడిచాను, మళ్లీ ఊరింది. లోపం రాసి బండి ఆపేశాను. లేటవుతుందని మా సాబ్ విసుక్కున్నారు గానీ, ఆర్మీ పరువు తీశావని ఎవరూ అనలేదు. అది రాయకపోతేనే నా మీద కేసు.

స్కూలుకెళ్లి మాట్లాడనా, పాపనే సర్దుకోమననా?

ఉప్పల్ నుంచి:
అన్నా, మీ సర్వీసుకు దండం. కానీ టీచర్ చెప్పిందీ నిజమే. పెళ్లి పందిట్లో అప్పుల పత్రాలు తీయం కదా. ఆ ఒక్క రోజూ మంచి చెప్పుకుందాం. నాలా సంగతి వార్డు ఆఫీసులో రాసివ్వండి. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలు ఊరికే అనలేదు.

తెలుగు పంతులమ్మ (రిటైర్డ్), నారాయణగూడ:
ఉప్పల్ తమ్ముడూ, ఆ సామెత నేనూ ఏళ్ల తరబడి పాఠంగా చెప్పాను. కానీ విభీషణుడు ముందు రాముడి దగ్గరికి వెళ్లలేదు. నిండు సభలో అన్నకే చెప్పాడు, సీతను పంపేయమని. అన్న తిట్టి, అవమానించాకే సముద్రం దాటాడు. రావణుడు వినుంటే ఆ గుట్టు లంకలోనే ఉండేది.

అంత దూరం కూడా వద్దు, మన కాచిగూడకు రండి. షోయబుల్లా ఖాన్ అక్కడే 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపారు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని, రజాకార్లు చేసేది అన్యాయమని రాశారు. తన ఊళ్లో, తన భాషలో, తన ప్రభుత్వాన్నే తప్పుపట్టారు. వాళ్ల దృష్టిలో ద్రోహి అయ్యారు. 1948 ఆగస్టులో నడివీధిలో చంపి, రాసిన చెయ్యి నరికారు. నెల తిరగకుండానే, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది. పాపకు ఆయన గురించి చెప్పండి బాబూ.

లా స్టూడెంట్, విద్యానగర్:
సర్, పాప సోషల్ పుస్తకంలో ప్రాథమిక విధులు చూడమనండి. 1976లో చేర్చిన 51ఎ అధికరణ. జెండాను, జాతీయ గీతాన్ని గౌరవించమన్న జాబితాలోనే ప్రశ్నించే తత్వాన్ని, సంస్కరణ దృష్టిని పెంచుకోమని కూడా ఉంది. రెండూ పౌరుల విధులే. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా, హింసకు రెచ్చగొట్టనంతవరకు అది రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు కేదార్‌నాథ్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది. నాలాకు మూత వేయమనడం విమర్శ కూడా కాదు, అర్జీ.

ఫౌజీ నాన్న, సైనిక్‌పురి:
అందరికీ థ్యాంక్స్. ఈరోజు స్కూలుకెళ్లాను. టీచర్ మంచావిడే. ముఖ్య అతిథిగా ఒక నాయకుడు వస్తున్నారట, ఆయన ఏమనుకుంటారో అని టెన్షన్ పడుతున్నారు. "మేడమ్, అలా అయితే ఆ మాట ఆయన చెవిన పడటమే మంచిది కదా" అన్నాను. సాయంత్రం ప్రిన్సిపల్‌ను అడిగి చెప్తామన్నారు, ఇంకా ఫోన్ రాలేదు.

ఉప్పల్ తమ్ముడు చెప్పినట్టు వార్డు ఆఫీసులో అర్జీ కూడా ఇచ్చాం. ఫోటో పాపే తీసింది. ఇప్పుడు మేడ మీద నిలబడి రెండు పేజీలూ గట్టిగా చదువుతోంది, కొట్టేసిన ముక్కలతో సహా.