అప్‌డేట్: వీడియో కాల్‌లో బాబు ఆక్సిజన్ 86 చూపించిన విషయం

పలాస నుంచి అడిగింది నేనే. ట్యూబ్ ఫీడింగ్ మీదున్న మా ఆరేళ్ల సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని ఒళ్లు కదలికలు అదుపులో ఉండని సమస్య) బాబుకి డాక్టరుగారి వీడియో కాల్ టైముకి, కాలివేలికి పెట్టిన ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం కొలిచే చిన్న మెషిను) ఆక్సిజన్ 86 చూపిస్తోంది, విశాఖ తీసుకెళ్లాలా అని రాశాను. మీ అందరికీ దండాలు.

వేలు చల్లగా ఉంటే నంబరు తప్పు చూపించొచ్చు, కాలివేలు వెచ్చబెట్టమని ఇక్కడ జవాబిచ్చిన అక్క మాటే నిజమైంది. వేలు చల్లగా ఉంది, కాలు బిగుసుకుని కొట్టుకుంటోంది కూడా. అరచేతుల్లో పట్టుకుని, మెషిను తెర మీద నాడి గీత నిలకడగా ఆడేదాకా ఆగాను. 96! డాక్టరుగారు చొక్కా విప్పించి, పగటి వెలుతురులో ఒక నిమిషం వీడియో తీయించి ఊపిరి లెక్కపెట్టారు. బాగానే ఉందన్నారు. కొత్త మెషిను కొనడం, గోరింటాకు చెరపడం అని మీలో కొందరు చెప్పినవేవీ అక్కర్లేకపోయాయి.

పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేసినా నంబరు చూస్తూ కూర్చోవద్దని, వెంటనే 108కి చేయమని ఆయన గట్టిగా చెప్పారు.