ఎంటర్‌ప్రైజ్ ఊళ్లో పురుగు విగ్రహం: ఆ గౌరవం పురుగుదా, రైతుదా?

నల్లరేగడి:
అమెరికాలో అలబామా రాష్ట్రం, కాఫీ కౌంటీలో ఎంటర్‌ప్రైజ్ అనే ఊరుంది. పత్తిని నాశనం చేసిన ముక్కు పురుగుకి ఆ ఊరి నడిమధ్య స్మారకం కట్టారు, 1919 డిసెంబరు 11న. చేతులు పైకెత్తిన స్త్రీ విగ్రహం అది. ఆ చేతుల్లోకి పురుగు బొమ్మ 1949లో వచ్చింది. మాకు సిరిని తెచ్చింది ఇదే అని కింద పురుగుకి కృతజ్ఞత చెక్కారు. నాకిది మింగుడు పడట్లేదు. 1915లో పురుగు దిగింది, పత్తి పోయింది. మరుసటి ఏడు సెషన్స్ అనే స్థానిక వ్యాపారి మాట నమ్మి, అప్పుల్లో ఉన్న బాస్టన్ అనే రైతు వేరుశనగ వేశాడు. ఆ పంటతో అప్పు తీరింది. తెగించింది మనిషి, పేరు పురుగుకా?

కౌలురైతు బిడ్డ:
అన్నా, పురుగు రాకపోతే ఆ తెగింపు వచ్చేదా? వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896 నుంచి అదే రాష్ట్రంలో, టస్కీగీలో ఉన్నారు. ఏటా పత్తే వేస్తే నేల సారం పోతుంది, వేరుశనగ, చిలగడదుంప వేయండని చెబుతూనే ఉన్నారు. వినాలన్నా కౌలుదారు చేతుల్లో లేదు, షావుకారు అప్పిచ్చేది పత్తి మీదే. ఈ పురుగు మొగ్గకి ముక్కుతో బెజ్జం పెట్టి గుడ్డు పెడుతుంది. ఆ మొగ్గే, గూడ అంటాం, రాలిపోతుంది. చేలో కాయే లేనప్పుడు షావుకారు కూడా దారికొచ్చాడు.

తెల్లబంగారం:
ఇది మన పత్తికి పట్టే గులాబీ రంగు పురుగేనా?

కౌలురైతు బిడ్డ:
కాదండి. మనది రెక్కల పురుగు పెట్టే గుడ్ల నుంచి వస్తుంది, పూలు విచ్చుకోకుండా గుడ్డిపూలు చేసేది అదే. అక్కడిది పెంకు పురుగు జాతి, మెక్సికో నుంచి వచ్చింది.

శెనక్కాయ చేను:
మాది అనంతపురం. వేరుశనగ వేస్తే గట్టెక్కినట్టే అనుకుంటే మాకు బాధగా ఉంటుంది. మా దగ్గర అదే ఏకపంట అయింది. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే టైంలో వాన మొహం చాటేస్తే చేలో మిగిలేది కట్టే. కాఫీ కౌంటీని కాపాడింది పంట మార్చుకోగలగడం. ఆ మార్పుకి పెట్టుబడి ఎవరిచ్చారన్నదే అసలు ప్రశ్న.

నల్లరేగడి:
ఒప్పుకుంటాను. విగ్రహం తీసెయ్యమనను. కానీ ఆ రాతలో కార్వర్ పేరు లేదు, కౌలుదార్ల మాట లేదు. అప్పట్లో రాలిన గూడ ఏరి కాల్చేవాళ్లు, పిల్లలు కూడా వంగి ఏరారు. పురుగు పక్కన వాళ్లకీ ఒక్క వాక్యం చెక్కాలి.