76 ఏళ్ళ నాన్నకు ఏ కారు: ఎత్తైన కొత్తదా, అలవాటైన చిన్నదా?

నాలుగోగేరు
మా నాన్నకు 76 ఏళ్ళు. నలభై ఏళ్ళకు పైగా కారు నడుపుతున్నారు. చెప్పుకోదగ్గ ప్రమాదం ఒక్కటీ లేదు. ఇప్పుడున్న చిన్న కారుకు పదహారేళ్ళు నిండాయి. దాన్ని మార్చాలన్నంతవరకు ఇంట్లో అందరిదీ ఒకే మాట. చిక్కంతా ఆ తర్వాతే. ఎత్తైన పెద్ద బండి కొందామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. దానికి ఆటోమేటిక్ గేరు, తనంతట తానే పడే బ్రేకు, చుట్టూ కెమెరాలు అన్నీ ఉండాలట. నాన్నేమో మళ్ళీ అలాంటి చిన్న కారే, అవే మాన్యువల్ గేర్లతో కావాలంటున్నారు. "నా కాళ్ళకు ఆ కారు తెలుసు" అన్నది ఆయన వాదన.

నేను తమ్ముడి వైపే మొగ్గుతున్నాను గానీ గట్టిగా చెప్పలేకపోతున్నాను. పోయిన నెలలో ఆయన కారు దిగుతుంటే చూశాను. ఒక కాలు బయట పెట్టారు, తలుపు చట్రం పట్టుకున్నారు, కాసేపు అలాగే ఆగి అప్పుడు లేచారు. ఈ సంగతి ఆయన దగ్గర ఎత్తలేదు. మీరైతే ఏం కొంటారు?

రెండోఅభిప్రాయం
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? తమ్ముడు చెప్పిందే సరి. రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకుంటే తేలికైన బండి వేగమే ఎక్కువగా, హఠాత్తుగా మారుతుంది. దెబ్బ అందులో ఉన్నవాళ్ళకే ఎక్కువ. ఇది భౌతికశాస్త్రం, అభిప్రాయం కాదు. ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉన్న కార్లు ముందున్న వాహనాన్ని గుద్దడం సుమారు సగానికి తగ్గిందని అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థ లెక్క తేల్చింది. పైగా పదహారేళ్ళ నాటి కారంటే, జారినప్పుడు బండిని దారిలో నిలిపే ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ అందులో ఉందో లేదో. అమెరికాలో అది 2012 మోడళ్ళ నుంచే తప్పనిసరి అయింది. అలవాటు పేరు చెప్పి ఇవన్నీ వదులుకోమంటారా?

డెబ్బైరెండు
నా పేరే నా వయసు. కొడుకులు, తమ్ముళ్ళు, శాస్త్రజ్ఞులు అందరూ మాట్లాడేశారు కాబట్టి నడిపేవాడి మాట కూడా వినండి.

రెండేళ్ళ క్రితం మా అబ్బాయి ఇలాంటి "అన్నీ ఉన్న" కారే కొనిపెట్టాడు. మొదటి వారంలోనే పక్క గీత తాకానని అది కీచుమంది. ఎక్కడ ఏమైందోనని తెర వైపు చూశాను. చూసింది ఒక్క సెకనే. తలెత్తేసరికి ముందున్న లారీ వెనక భాగం అద్దం నిండా ఉంది. బ్రేకు నేనే వేశానో, కారే వేసుకుందో ఇప్పటికీ తెలియదు. ఆ కూతను ఆపేస్తే, మర్నాడు కారు స్టార్టు చేయగానే మళ్ళీ మొదలు. వానలో ముందు అద్దం మసకబారితే గాలి తిప్పడానికి తెర మీద మూడు చోట్ల వేలు పెట్టాలి. నా పాత కారులో దానికొక గుండ్రటి మీట ఉండేది. చూడక్కర్లేదు, చెయ్యే వెతుక్కునేది.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. ఇండికేటరు, వైపరు, హారను, ప్రమాద సూచిక దీపాల వంటి వాటికి చేతికి తగిలే మీటలు లేకపోతే పూర్తి మార్కులు పడవని ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి నిబంధన పెట్టుకుంది. కార్లను గోడకేసి కొట్టి పరీక్షించేవాళ్ళకే అర్థమైన సంగతి మా వాళ్ళకు అర్థం కాదు.

రెండోఅభిప్రాయం
డెబ్బైరెండు గారూ, కోపం తెచ్చుకోకండి. ఆ లారీ దగ్గర బ్రేకు కారే వేసి ఉంటే?

డెబ్బైరెండు
వేసే ఉండవచ్చు. కాదనను. కానీ నన్ను తెర వైపు చూడమన్నది కూడా ఆ కారే కదా.

వెన్నుపూస
నేను ఫిజియోథెరపిస్టును. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. మీరిద్దరూ కారు గురించి వాదిస్తున్నారు, అందులో కూర్చునే శరీరాన్ని వదిలేశారు.

వయసు పెరిగేకొద్దీ పక్కటెముకలు పెళుసుబారతాయి. ముప్ఫై ఏళ్ళవాడికి నాలుగు రోజుల నొప్పితో పోయే దెబ్బ, డెబ్బై అయిదేళ్ళ ఛాతీలో మూడు నాలుగు ఎముకలు విరిచి ఊపిరితిత్తుల దాకా వెళుతుంది. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది. అయితే ఢీకొన్నప్పుడు ఛాతీ మీద అదిమేదీ ఆ బెల్టే. అందుకే తగిలిన క్షణంలో బెల్టును ముందు బిగించి, ఒత్తిడి ఒక హద్దు దాటగానే కాస్త వదిలే ఏర్పాటు ఉందా అని అడగండి. షోరూములో కెమెరాల గురించి గంట చెబుతారు, దీని గురించి అడిగితేగాని చెప్పరు.

భద్రతా పరీక్షల్లో కార్లకిచ్చే నక్షత్రాల విషయంలోనూ జాగ్రత్త. పదేళ్ళ కిందటి ఐదు నక్షత్రాలు, ఇప్పటి ఐదు నక్షత్రాలు ఒకటి కావు, పరీక్షలు కఠినమయ్యాయి. చిన్న కారు నక్షత్రాలను పెద్ద బండి నక్షత్రాలతో పోల్చకూడదు. చాలాకాలం ఆ పరీక్షల్లో ముందు సీట్లో కూర్చున్నది 1976 నాటి నమూనా బొమ్మ, సుమారు 78 కిలోల సగటు మగవాడు. ఆ బొమ్మకు మోకాళ్ళ నొప్పులు లేవు, ఎముకలు గుల్లబారలేదు.

ఇక ఎత్తు. నాలుగోగేరు గారూ, నాన్నగారు దిగడం చూశానన్నారే, ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే. సీటు మరీ కిందికి ఉంటే లేవడానికి తొడల బలమంతా కావాలి. మరీ ఎత్తుగా ఉంటే ఎక్కడం ఒక పని, దిగేటప్పుడు నేల అందక తూలడం ఇంకో ప్రమాదం. కారు పక్కన నిలబడినప్పుడు సీటు ఆయన పిరుదుల ఎత్తుకు కాస్త అటూ ఇటుగా ఉండాలి. పక్కకు తిరిగి కూర్చుని రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకునేంత వెడల్పున తలుపు తెరుచుకోవాలి. ఎత్తైన బండ్లన్నీ అనుకూలమనీ, చిన్నవన్నీ ఇరుకనీ అనుకోవద్దు.

కూర్చున్నాక ఇవి చూడండి. మెడ ఎంతవరకు తిరుగుతోంది? సరిగా తిరగని మెడకు వెనక కెమెరా, పక్క అద్దాల్లో కనిపించని చోటును చూపే దీపం నిజంగా ఉపకారం చేస్తాయి, అవి హంగులు కావు. తల ఆనించేది తల పైభాగం దాకా వస్తోందా? బెల్టు భుజం మధ్య నుంచి వస్తోందా, మెడను కోస్తోందా? స్టీరింగు మధ్య నుంచి ఛాతీకి కనీసం 25 సెంటీమీటర్లు ఉందా? ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి సెకనులో 20వ వంతు కూడా పట్టదు. ఆ దారిలో ఛాతీ ఉండకూడదు. రాత్రి పూట ఒకసారి నడిపించి మరీ చూడండి. అరవై ఏళ్ళవారి కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళవారికి చేరేదానిలో మూడో వంతే.

ఒక ముచ్చట చెబుతాను. 1990ల్లో ఫోర్డ్ కంపెనీ తన యువ డిజైనర్లకు కీళ్ళు బిగించే సూటు, చూపు మసకపరిచే పసుపు రంగు కళ్ళద్దాలు తొడిగి కార్లు ఎక్కించి దించింది. ముసలితనం అంటే ఏమిటో అరగంటలో తెలిసొచ్చి ఉంటుంది. ఆ సూటు మీ తమ్ముడికి తొడిగితే వాదన సగం తగ్గుతుంది.

వెనకసీటు
అందరూ మర్యాదగా దాటవేస్తున్న ప్రశ్న నేను అడుగుతాను. అసలు కొత్త కారు కొనాలా, తాళాలు తీసుకోవాలా? 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళ ఆయన కారు ఒక తల్లినీ మూడేళ్ళ బిడ్డనూ బలి తీసుకుంది. బ్రేకు నొక్కానని ఆయన కోర్టులో వాదించాడు. నొక్కింది యాక్సిలరేటరని కోర్టు తేల్చింది. ఏ కెమెరాలు కొన్నా ఆ కాలు మారుతుందా?

డెబ్బైరెండు
ఆ వార్త చదివి నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఒక దుర్ఘటన చూపించి లక్షల మంది తాళాలు లాక్కోవడం న్యాయమా? ముసలి డ్రైవర్ల ప్రమాదాల్లో ఎక్కువగా చనిపోయేది వాళ్ళే, పెళుసు ఎముకల వల్ల. ఆ జపానే ఏం చేసిందో చూడండి. అందరి చేతా మాన్పించలేదు. 75 దాటి కొన్ని రకాల ఉల్లంఘనలు చేసినవారికి నడిపే పరీక్ష పెట్టింది, రక్షణ పరికరాలున్న కార్లు మాత్రమే నడిపే ప్రత్యేక లైసెన్సును 2022 మేలో తెచ్చింది.

రెండోఅభిప్రాయం
అంటే పరికరాలు కావాలనే కదా! మీ నోటితోనే వచ్చింది.

డెబ్బైరెండు
పరికరాలు వద్దని నేనెప్పుడన్నాను? కూతలు వద్దన్నాను.

క్లచ్చివైరు
మెకానిక్‌ను. వెనకసీటు గారి ప్రశ్న పెడల్ గురించి కాబట్టి ఒక మాట. మాన్యువల్ కారులో ఆపబోయేవాడి ఎడమ కాలు అలవాటుగా క్లచ్చి తొక్కుతుంది. కుడి కాలు పొరపాటున యాక్సిలరేటరు మీద పడినా ఇంజను అరుస్తుంది గానీ బండి ముందుకు దూకదు. ఆటోమేటిక్‌లో ఆ రెండో కాపలా లేదు. 1980ల్లో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతట అవే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ జరిగింది. చాలా వాటికి కారణం పెడల్ పొరపాటేనని 1989లో ప్రభుత్వ సంస్థ చెప్పింది. బ్రేకు మీదే ఉన్నాననుకున్న కాలు, బండి ఆగకపోతే ఇంకా గట్టిగా తొక్కుతుంది. అందుకని నా ఓటు నాన్నగారికే. ఒకవేళ ఆటోమేటిక్ కొంటే ఎడమ కాలిని పూర్తిగా పక్కన పెట్టించి, ఖాళీ మైదానంలో కనీసం నెల రోజులు నడిపించండి.

నాలుగోగేరు
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఒక టేపు, ఒక దిండు పట్టుకుని నాన్నను మూడు కార్లలో కూర్చోబెట్టాను. తమ్ముడు చెప్పిన పెద్ద బండి ఎక్కడానికి ఆయన రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఎక్కాక, "బానెట్టు ముందు పిల్లాడు నిలబడితే నాకు కనపడతాడా?" అని అడిగారు. తమ్ముడు దిగి వెళ్ళి వంగి నిలబడ్డాడు. కనపడలేదు. రెండోది కూర్చోవడానికి బాగుంది గానీ, బెల్టు గుచ్చే చోటు సీటు సందులో మునిగిపోయి వేళ్ళకు దొరకలేదు. మూడోది మధ్యరకం ఎత్తు. ఎక్కడం, దిగడం ఆగకుండా అయ్యాయి. వైపరు ఎక్కడుందని ఆయన అడగలేదు, చెయ్యే వెళ్ళింది.

అసలు సంగతి ఇంటికొచ్చాక బయటపడింది. వెన్నుపూస గారి మాట గుర్తొచ్చి పాత కారులోనూ కొలిచాను. స్టీరింగు నుంచి ఛాతీకి 19 సెంటీమీటర్లు. ఆ స్టీరింగులో ఎయిర్‌బ్యాగ్ ఉంది. ఇన్నేళ్ళూ ఎవరమూ కొలవలేదు. సీటు వెనక్కి జరిపాను. అప్పుడు క్లచ్చి చివరిదాకా అందలేదు. ఆయన అంత దగ్గరగా కూర్చునేది క్లచ్చి కోసమేనన్నమాట. ఆయన కాళ్ళకు తెలిసిన కారే ఆయన ఛాతీని అక్కడికి లాక్కొచ్చింది.

క్లచ్చివైరు గారూ, మీరు చెప్పినది తోసిపుచ్చడం లేదు. మూడో కారు రెండు రకాల గేర్లతోనూ వస్తుంది. ఆదివారం నుంచి స్నేహితుడి ఆటోమేటిక్ కారుతో మైదానంలో సాధన. నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నారు, పక్కన తమ్ముడు కూర్చోకూడదట.

వెనకసీటు
మెడ, కళ్ళు కూడా డాక్టరుకు చూపించండి. ఏడాదికోసారి. దీనికైనా అందరూ ఒప్పుకుంటారనుకుంటాను.

డెబ్బైరెండు
ఒప్పుకున్నాం. ఇప్పుడే కిందికి వెళ్ళి నా కారులోనూ కొలిచి వచ్చాను. మా ఆవిడ టేపు పట్టుకుంది. 22. మా అబ్బాయికి చెప్పవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను.